ఈ కార్టూన్‌కి అర్థమేంటి? తాతయ్యకి మీమ్ అర్థం కాలేదు, మనవరాలికి గోడ మీద పిల్లి అర్థం కాలేదు!

నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్లే పల్లెవెలుగు బస్సు. కిటికీ పక్కన ఇంటర్ చదివే అమ్మాయి, ఆమె పక్కన తాతయ్య. పెద్దాయన చేతిలో బస్టాండ్‌లో కొన్న వారపత్రిక ఉంది. అమ్మాయి దాన్ని తీసుకుని ఊరికే పేజీలు తిప్పుతూ ఒక బొమ్మ దగ్గర ఆగింది. ప్రహరీ గోడ మీద ఖద్దరు చొక్కా వేసుకున్న నాయకుడు కూర్చున్నాడు. గోడకి అటో జెండా, ఇటో జెండా. ఆయనకి వెనకాల తోక. కింద ఒక్క మాట కూడా రాసి లేదు.

"తాతయ్యా, ఈయనకి తోకెందుకు పెట్టారు?"

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చూసి పకపకా నవ్వేశారు. "గోడ మీద పిల్లే అమ్మా! ఎటు దూకుతాడో ఆయనకే తెలీదు."

సామెత తెలిశాక అమ్మాయికీ నవ్వొచ్చింది. కానీ ఒక నిమిషం లేటుగా. వెంటనే ఆమె తన ఫోన్ తీసి ఒక మీమ్ చూపించింది. బ్రహ్మానందం ముఖం, పైన రెండు ముక్కల డైలాగ్. ఈసారి తాతయ్య వంతు. బ్రహ్మానందం అని తెలుసు. ఏ సినిమాలో సీనో తెలీదు. "ఇందులో నవ్వేదేముందే?" అన్నారు. బస్సు చిల్లకల్లు దాటేదాకా ఆ అమ్మాయి సినిమా కథ చెబుతూనే ఉంది. కథంతా చెప్పాక కూడా ఆయన నవ్వలేదు లెండి.

మీకూ ఇలాంటిది ఎదురయ్యే ఉంటుంది. పత్రికలోనో, వాట్సాప్‌లోనో ఒక కార్టూన్ వస్తుంది. పక్కవాళ్లు నవ్వుతారు. మనకి మాత్రం తల గోక్కున్నా తట్టదు. మన తెలివి తక్కువేమో అనిపిస్తుంది. అసలు సంగతి అది కాదు. చాలా కార్టూన్లకి తాళం చెవి బొమ్మలో ఉండదు, బొమ్మ బయట ఉంటుంది. ఒక సామెతలోనో, ఆ వారం వార్తలోనో, ఒక సినిమా సీన్‌లోనో ఉంటుంది. అది మన చేతిలో లేకపోతే ఎంతసేపు చూసినా తలుపు తెరుచుకోదు. నవ్వు రాకపోతే పోయేదేం లేదు. కానీ తప్పు తాళం చెవితో తెరిస్తే ఏమవుతుందో కూడా కాసేపట్లో చూద్దాం. ఒక ప్రొఫెసర్ అరెస్టయ్యారు, పార్లమెంటు దద్దరిల్లింది.

జగ్గయ్యపేట 'కార్టూన్': వయసు రెండు వేల ఏళ్లు

ముందు మన ఊరి బొమ్మతోనే మొదలుపెడదాం. జగ్గయ్యపేటలో బౌద్ధ స్తూపం ఉన్న గుట్టని ధనబోడు అంటారు. 1882లో జేమ్స్ బర్జెస్ అనే పురావస్తు అధికారి ఇక్కడ తవ్వకాలు చేయించాడు. 1887లో అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద పుస్తకం కూడా వేశాడు. ఇక్కడ దొరికిన ఒక పలక ఇప్పుడు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటిదని చెబుతారు. భారతీయ శిల్పం మీద రాసిన పెద్ద పుస్తకాల్లో ఈ పలక ఫొటో తరచూ కనిపిస్తుంది.

అందులో ఏముందంటే, మధ్యలో పొడవుగా, సన్నగా ఒక రాజు. తల మీద గొడుగు. ఒక చేయి గుండె దగ్గర, ఇంకో చేయి పైకెత్తి ఉంది. పైన మేఘం. మేఘంలోంచి చిన్న చిన్న చతురస్రాలు రాలిపడుతున్నాయి. రాజు చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, ఒక స్త్రీ, ఇద్దరు మగవాళ్లు.

మీరు మొదటిసారి చూస్తే ఏమనుకుంటారు? ఆ చతురస్రాలు బిస్కట్లా? ఇటుకలా? రాజు వాన వద్దంటున్నాడా, రమ్మంటున్నాడా? కింద కాప్షన్ లేదు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఇది పక్కా 'కాప్షన్ లెస్'.

తాళం చెవులు ఒక్కొక్కటే తీద్దాం. ఆ చతురస్రాలు నాణేలు. ఆ రోజుల్లో నాణెం అంటే ఇప్పటిలా గుండ్రంగానే ఉండాలని లేదు. వెండి రేకుని ముక్కలుగా కోసి, గుర్తులు కొట్టి చెలామణీలో పెట్టేవారు. వాటిలో చదరపువి బోలెడు. కాబట్టి అప్పటి మనిషికి ఆ బొమ్మ చూడగానే 'డబ్బుల వాన' అని తట్టేది. మనకి తట్టదు. చుట్టూ ఉన్న ఏడూ చక్రవర్తికి ఉండాల్సిన సప్త రత్నాలు. బౌద్ధ కథలు విన్నవాడికి ఆ లెక్క కంఠతా.

ఇక రాజు చేతుల సంగతి. బౌద్ధ జాతక కథల్లో మాంధాత అనే చక్రవర్తి ఉన్నాడు. ఎడమ చేతి పిడికిలి బిగించి కుడి చేత్తో తాకితే చాలు, ఆకాశం నుంచి రత్నాల వాన మోకాలి లోతు కురిసేదట. అయినా ఆయనకి తృప్తి లేదు. భూమి చాలక స్వర్గానికి వెళ్లాడు. అక్కడ ఇంద్రుడు సగం రాజ్యం ఇచ్చాడు. అదీ చాలక ఇంద్రుణ్ని చంపి మొత్తం తీసుకోవాలనుకున్నాడు. ఆ ఆశతోనే ముసలితనం ముంచుకొచ్చి కిందపడి చనిపోయాడు.

ఇప్పుడు బొమ్మ తిరగబడింది చూశారా? కథ తెలియనివాడికి అది 'ఎంత గొప్ప రాజో, డబ్బుల వాన కురుస్తోంది' అనే పొగడ్త. కథ తెలిసినవాడికి అదే బొమ్మ ఆశకి అంతులేదనే హెచ్చరిక. గీత ఒక్కటి మారలేదు, అర్థం మాత్రం ఎదురు తిరిగింది. ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. ఇతను మాంధాతే అని చాలామంది పండితులంటే, కాదు, ఎవరో ఒక ఆదర్శ చక్రవర్తి అని మరికొందరు అంటారు. అంటే రెండు వేల ఏళ్ల తర్వాత కూడా ఆ బొమ్మ కాప్షన్ మీద చర్చ నడుస్తోందన్నమాట. ఆ బొమ్మ దొరికిన గుట్ట పేరు ధనబోడు కావడం ఇంకో తమాషా.

అదే స్తూపం దగ్గర దొరికిన స్తంభాల శాసనం విషయంలో ఇంత గొడవ లేదు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి ఐదు ఆయక స్తంభాలు ఇచ్చాడని అందులోనే రాసి ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏమిటి అన్నీ ఉన్నాయి. కాప్షన్ ఉంటే ఇంత సుఖం!

నామాలు పెట్టుకున్నవాడు భక్తుడేనా?

మళ్లీ వారపత్రికలోకి వద్దాం. మన తెలుగు కార్టూన్‌కి ఒక అలవాటు ఉంది. మనం నోటితో అనే మాటని బొమ్మగా గీసేస్తుంది. నుదుటి మీద అడ్డదిడ్డంగా మూడు నామాలు ఉన్న మనిషి భక్తుడు కాదు, ఎవరి చేతిలోనో మోసపోయినవాడు. పంగనామాలు పెట్టారన్నమాట. చెవిలో పువ్వు ఉంటే అలంకారం కాదు, వాణ్ని పిచ్చివాణ్ని చేస్తున్నారని. ఒకడు ఇంకొకడి తల మీద టోపీ పెడుతుంటే సన్మానం అనుకోకండి. శఠగోపం కూడా అంతే, గుడిలో పెడితే ఆశీర్వాదం, కార్టూన్‌లో పెడితే ఎగ్గొట్టడం.

ఇవన్నీ ఇంట్లో రోజూ విన్న తరానికి చూడగానే నవ్వొస్తుంది. ఇంగ్లీష్ మీడియంలో చదివి, హాస్టళ్లలో పెరిగిన పిల్లలకి ఈ మాటలే చెవిన పడటం లేదు. ఆ అమ్మాయికి తోక అర్థం కాకపోవడానికి కారణం అదే. ఆమెది తప్పని మాకైతే అనిపించలేదు. సామెత చెప్పేవాళ్లు పక్కన లేకపోతే ఎవరికైనా అంతే.

రాజకీయ కార్టూన్లలో ఇంకో చిక్కు. సైకిల్ బొమ్మ కనిపిస్తే నందిగామలో చిన్నపిల్లాడైనా తెలుగుదేశం అంటాడు. అదే కార్టూన్‌ని లక్నోలో చూపిస్తే సమాజ్‌వాదీ పార్టీ అంటారు, ఎందుకంటే అక్కడ సైకిల్ వాళ్ల గుర్తు. ఫ్యాన్, గాజు గ్లాసు, కారు, కమలం, హస్తం.. ఈ గుర్తులు తెలియని బయటి మనిషికి మన పొలిటికల్ కార్టూన్ ఒక ఇంటి సామాన్ల కొట్టులా కనిపిస్తుంది. గ్లాసు పక్కన సైకిల్ పెట్టి పైన ఫ్యాన్ ఆపేస్తే మనకి ఒక ఎన్నికల కథ. వాడికి ఉక్కపోత.

పత్రికల్లో వచ్చే పాకెట్ కార్టూన్లది మరీ కష్టం. ఈనాడులో శ్రీధర్ వేసిన 'ఇదీ సంగతి' లాంటివి ఆ రోజు వార్త చదివినవాడికే పూర్తిగా పేలేవి. పొద్దున కాఫీతో పాటు చదివితే భలే ఉందనిపించేది, పదేళ్ల తర్వాత పాత పేపర్‌లో చూస్తే ఇద్దరు మనుషులు ఏదో మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. కూరలాగే, వేడి మీద తినాలి.

అందుకే ఇంట్లో సంసారాన్ని గీసిన కార్టూన్లు ఎక్కువ కాలం బతికాయి. బాపు గీసిన మొగుడూ పెళ్లాల కార్టూన్లు ఇప్పుడు చూసినా చాలామటుకు వివరణ అక్కర్లేదు. అలాగని అన్నీ కాదు. అప్పడాల కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ భార్య జోకు ఒకప్పుడు ప్రతి పత్రికలో ఉండేది. ఇప్పటి పిల్లలకి చూపిస్తే 'ఆవిడ చపాతీలు చేస్తోందా?' అంటారు. అర్థమైనా నవ్వు రాదంటారు. అదీ న్యాయమే.

ఇంత పరంపరకి తొలి గీత ఎవరిదంటే, 1906 మే 20న పుట్టిన తలిశెట్టి రామారావుని తొలి తెలుగు కార్టూనిస్టుగా చెబుతారు. ఆయన పుట్టినరోజునే తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

అర్థమే లేని కార్టూన్ కోసం అమెరికా అంతా తల పట్టుకుంది

కొన్నిసార్లు తాళం చెవే ఉండదు. 1982 అక్టోబర్‌లో అమెరికా పేపర్లలో గ్యారీ లార్సన్ అనే కార్టూనిస్టు 'ఫార్ సైడ్' సిరీస్‌లో ఒక బొమ్మ వేశాడు. ఒక ఆవు రెండు కాళ్ల మీద నిలబడి ఉంటుంది. ముందు బల్ల. బల్ల మీద నాలుగు వింత వస్తువులు. వాటిలో ఒకటి కొంచెం రంపంలా ఉంటుంది. కింద కాప్షన్ 'ఆవు పనిముట్లు'. అంతే!

జనం ఊరుకుంటారా? ఇది రంపం అయితే మిగతా మూడూ ఏంటి? ఏ పనికి? ఇందులో రాజకీయ సందేశం ఉందా? ఉత్తరాలు, ఫోన్లు. చివరికి లార్సన్ పత్రికలకి వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆవులు గనక పనిముట్లు చేస్తే ఇలా మొరటుగా, దేనికీ పనికిరాకుండా ఉంటాయి, జోక్ అంతే అన్నాడు. ఒక వస్తువుని రంపంలా గీయడమే తన పొరపాటని కూడా ఒప్పుకున్నాడు. ఒకటి గుర్తుపట్టగలిగేలా ఉండేసరికి మిగతావీ గుర్తుపట్టాలేమో అని జనం పడిపోయారు.

కాబట్టి మీకు ఒక కార్టూన్ అర్థం కాకపోతే అది కార్టూనిస్టు తప్పు కూడా కావచ్చు. పేజీ పెట్టేటప్పుడు ఒక బొమ్మ కింద ఇంకో బొమ్మ కాప్షన్ పడిపోవడమూ జరుగుతుంది. అలాంటప్పుడు పేజీలో పక్క కార్టూన్ కింద ఏముందో చూడండి, చిక్కు అక్కడే విడిపోవచ్చు.

ఒక సినిమా డైలాగ్.. ఒక అరెస్ట్

ఇంతవరకు సరదా. ఇక్కడి నుంచి కాదు.

2012 మార్చిలో రైల్వే మంత్రి దినేశ్ త్రివేదీ రాజీనామా చేశారు. ఆయన స్థానంలో అదే తృణమూల్ కాంగ్రెస్‌కి చెందిన ముకుల్ రాయ్ వచ్చారు. దీని మీద బెంగాల్‌లో ఒక కార్టూన్ లాంటి ఫొటోల అతుకు చక్కర్లు కొట్టింది. మమతా బెనర్జీ, ముకుల్ రాయ్ మాట్లాడుకుంటున్నట్టు, దుష్టుడు మాయమైపోయాడన్నట్టు డైలాగులు. జాదవ్‌పూర్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్ర దాన్ని ఈమెయిల్‌లో ఫార్వర్డ్ చేశారు. ఏప్రిల్‌లో ఆయన్ని అరెస్ట్ చేశారు.

ఎందుకు? 'మాయం' అన్న మాటని అధికార పక్షం చంపేస్తామనే బెదిరింపుగా చదివింది. కానీ సత్యజిత్ రాయ్ తీసిన 'సోనార్ కెల్లా' అనే 1974 నాటి సినిమా చూసిన బెంగాలీలకి అది వేరేలా తగిలింది. ఆ సినిమాలో పూర్వజన్మ గుర్తొచ్చే పిల్లాడి పేరు ముకుల్. దుష్టుడు, మాయం.. ఆ మాటలు ఆ సినిమావే. కొత్త మంత్రి పేరూ ముకుల్ కావడంతో ఎవరో సరదాగా అతికించారు. బస్సులో తాతయ్యకి బ్రహ్మానందం సీన్ తెలియక నవ్వు రాలేదు, అక్కడితో అయిపోయింది. బెంగాల్‌లో అదే రకం తేడా కేసు దాకా వెళ్లింది. ఆ కేసులో వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ప్రొఫెసర్‌కి మాత్రం కేసు నుంచి పూర్తిగా విముక్తి 2023 జనవరిలో గానీ దొరకలేదు. ఒక్క ఫార్వర్డ్‌కి దాదాపు 11 ఏళ్లు.

నత్త మీద అంబేద్కర్, వెనకాల కొరడా

అదే 2012 మేలో ఢిల్లీలో ఇంకో కార్టూన్ మీద పార్లమెంటు అట్టుడికింది. గీసింది శంకర్ పిళ్లై, 1949 ఆగస్టులో తన 'శంకర్స్ వీక్లీ'లో. రాజ్యాంగం అనే నత్త మీద అంబేద్కర్ కూర్చుని ఉంటారు, ఆయన చేతిలో కొరడా. వెనకాల నెహ్రూ కూడా కొరడా ఎత్తి ఉంటారు. చుట్టూ జనం చూస్తుంటారు. ఈ బొమ్మని ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పాఠ్యపుస్తకంలో పెట్టారు.

1949లో దీని తాళం చెవి 'ఆలస్యం'. రాజ్యాంగ సభ 1946 డిసెంబర్‌లో మొదలైతే మూడో ఏడు సగం దాటినా పని తెమలలేదు. నత్త నడక అని మన తెలుగులో కూడా అంటాం కదా, అదే. నెహ్రూ కొరడా నత్తకి అని గీసినవాడి ఉద్దేశం.

2012లో ఆ బొమ్మని దళిత సంఘాలు, ఎంపీలు వేరేగా చదివారు. అగ్రకులానికి చెందిన ప్రధాని అంబేద్కర్ వెనకాల కొరడా ఎత్తి నిలబడ్డాడు, జనం వినోదం చూస్తున్నారు, దీన్ని పిల్లలకి పాఠంగా చెబుతారా అని అడిగారు. ప్రభుత్వం ఆ కార్టూన్‌ని తొలగిస్తామని ప్రకటించింది. పుస్తకం సలహాదారులు సుహాస్ పల్షీకర్, యోగేంద్ర యాదవ్ రాజీనామా చేశారు. పుణేలో పల్షీకర్ ఆఫీసుని ధ్వంసం చేశారు.

ఇక్కడ 'వాళ్లకి కార్టూన్ అర్థం కాలేదు' అనేయడం తేలిక. మేం అలా అనలేం. నందిగామ పక్కనే కంచికచర్ల ఉంది. 1968లో అక్కడ కోటేసు అనే దళిత యువకుడి మీద దొంగతనం మోపి సజీవంగా తగలబెట్టారు. ఆ కథ వింటూ పెరిగిన ఇంట్లో పిల్లాడు ఆ పుస్తకం తెరిస్తే అతని కళ్లు ముందు నత్త మీద పడతాయా, కొరడా మీద పడతాయా? అతనికి ఉన్న తాళం చెవి అది. ఎవరో తప్పుగా చెక్కిచ్చింది కాదు, బతుకు ఇచ్చింది.

అలాగని బొమ్మని తీసేయడం, ఆఫీసు పగలగొట్టడం పరిష్కారమనీ అనలేం. పుస్తకంలో ఆ కార్టూన్ పక్కన 1949 నాటి సందర్భంతో పాటు, ఇవాళ ఇది ఎందుకు గుచ్చుకుంటుందో కూడా రెండు లైన్లు రాసి ఉంటే క్లాస్‌లో టీచర్‌కి మాట్లాడటానికి ఏదైనా ఉండేది. తొలగించాక ఆ మాటకే చోటు లేదు.

ఫోన్‌లో వస్తే ముందు మూల చూడండి

పత్రికలో కార్టూన్ అయితే అట్ట మీద తేదీ ఉంటుంది. ఫోన్‌కి వచ్చేసరికి బొమ్మ ఒక్కటే వస్తుంది. చాలాసార్లు కార్టూనిస్టు సంతకం ఉన్న మూలని కత్తిరించేసి, కొత్త కాప్షన్ అతికించి పంపుతారు. ఎప్పుడో పాత ముఖ్యమంత్రి మీద గీసింది ఇప్పటి ముఖ్యమంత్రి మీద అన్నట్టు తిరుగుతుంది. ఎన్నికలొస్తే ఇది మరీ ఎక్కువ.

సంతకం లేని కార్టూన్ వస్తే గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడండి. అసలు బొమ్మ, మొదట ఎక్కడ వచ్చిందో చాలాసార్లు దొరుకుతుంది. కాప్షన్ అక్షరాలు బొమ్మ గీతలతో కలవకపోయినా అనుమానించండి. గీత చేత్తో గీసింది, మాట మాత్రం కంప్యూటర్ అక్షరాల్లో వేరే రంగులో ఉందంటే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టి ఉండొచ్చు. ఇక అప్పటికీ అర్థం కాకపోతే ఇంట్లో ఇంకో తరం మనిషిని అడగండి. పెద్దవాళ్ల దగ్గర సామెత ఉంటుంది, పిల్లల దగ్గర సినిమా ఉంటుంది. తెలియకుండా మాత్రం గ్రూపులో 'ఫార్వర్డ్' నొక్కకండి, ప్రొఫెసర్ గారి 11 ఏళ్లు గుర్తుంది కదా.

ఇంతకీ ఆ బస్సు జగ్గయ్యపేట చేరింది. దిగేముందు తాతయ్య పత్రిక మడిచి అమ్మాయికే ఇచ్చేశారు. ఆమె ఇంకో పేజీ తిప్పి, "మరి ఈయన చెవిలో పువ్వెందుకు తాతయ్యా?" అంటూ మెట్లు దిగింది.